వ్యవసాయము, ఉద్యోగము, ఉద్యమము: ఒక నీతిశ్లోకలక్షణ విమర్శనము

భర్తృహరి నీతిశతకమున కార్యారంభమును బట్టి మనుష్యులను మూఁడు తెగలుగా విభజించు శ్లోకము పండితులకే కాక పాఠశాలాబాలురకును సుపరిచితము. విఘ్నములకు వెఱచి పని మొదలిడనివాఁడు నీచుఁడనియు, మొదలిడి విఘ్నము తగిలినంతనే మానువాఁడు మధ్యముఁడనియు, ఎన్నిమాఱులు దెబ్బతిన్నను చేపట్టినదానిని విడువనివాఁడు ఉత్తముఁడనియు దాని తాత్పర్యము. ఏలకూచి బాలసరస్వతియు, పుష్పగిరి తిమ్మనయు, ఏనుగు లక్ష్మణకవియు భర్తృహరి సుభాషితములను తెనిఁగించిన ప్రసిద్ధకవులు. వారిలో లక్ష్మణకవి పద్యములు బడిపిల్లల నోళ్లలో నిలిచి, ఈ విభాగమును తెలుఁగుదేశమున లోకోక్తితుల్యముగా చేసినవి. నేఁడు వ్యక్తిత్వవికాసమను పేర వెలువడు పుస్తకములలో పెక్కులు ఈ శ్లోకార్థమునకు విస్తరవ్యాఖ్యలే యని చెప్పవచ్చును.

శ్లోకముయొక్క కావ్యగుణమును గూర్చి వివాదము లేదు. మూఁడు వాక్యములలో మూఁడు స్వభావములను నిలిపి, చివరిదానియందు శ్రోత మనస్సును లగ్నము చేయు నేర్పు అనన్యసామాన్యము. కాని దీనిని మనము సుభాషితముగా మాత్రమే చదువుట లేదు. ఉత్తమునకు లక్షణముగా చదువుచున్నాము, బాలురకు లక్షణముగానే బోధించుచున్నాము. లక్షణమైనప్పుడు దానిని అవ్యాప్త్యతివ్యాప్తుల నికషముపై పరీక్షింపవలసియున్నది. విడువమియే ఉత్తమత్వమునకు లక్షణమగునా? ఇదియే ప్రకృతవ్యాసమునకు విషయము.

ఈ ప్రశ్న నాకు శాస్త్రచర్చలో పుట్టినది కాదు. రామగుండము, గోదావరిఖని ప్రాంతపు బొగ్గుగనుల నడుమ ఈ పద్యమును బోధించునప్పుడు ఒక బాలుఁడు లేచి, "సారూ, బాయిల కప్పు సప్పుడు జేస్తె గూడ ఆగొద్దా?" యని యడిగెను. ఆ ప్రాంతమున గనికి బాయి యని వ్యవహారము. వాని తండ్రి భూగర్భమున పనిచేయువాఁడు. గనిలో పైకప్పు కూలుటకు ముందు కొన్నిమాఱులు శబ్దించును. ఆ శబ్దము విని వెనుకకు వచ్చినవాఁడు ఇల్లు చేరును. మన శ్లోకము ప్రకారము వాఁడు మధ్యముఁడు. బాలుఁడు అడిగినది ఎదిరింపు కాదు, అక్షరాల అతివ్యాప్త్యవ్యాప్తి విచారమే.

ముందుగా అతివ్యాప్తిని చూతము. విడువమియే లక్షణమైనచో దుర్యోధనుఁడు ఉత్తములలో అగ్రగణ్యుఁడు కావలసివచ్చును. లాక్షాగృహము విఫలమయ్యెను, ఘోషయాత్రలో తానే బందీ యయ్యెను, ఉత్తరగోగ్రహణమున భంగపడెను. అయినను చేపట్టినదానిని విడువఁడయ్యెను. శ్రీకృష్ణుఁడు రాయబారిగా వచ్చి చెప్పినను, భీష్మద్రోణులు చెప్పినను, తల్లి గాంధారి సభకు వచ్చి చెప్పినను మానఁడయ్యెను. తిక్కన తెనుఁగు చేసిన ఉద్యోగపర్వమున ఈ పట్టుదల యెంత దృఢముగా చిత్రింపఁబడినదో చదివినవారెఱుఁగుదురు. అయినను దుర్యోధనుని ఉత్తముఁడని యెవరును అనరు. కావున లక్షణము లక్ష్యమును దాఁటిపోయినది.

ఇఁక అవ్యాప్తి. ఇచట ఈ శ్లోకమే మనకు సాక్ష్యమిచ్చుట విశేషము. ఇది విశాఖదత్తుని ముద్రారాక్షసమున ద్వితీయాంకమునను కనఁబడుచున్నది. శతకమున ముక్తకముగా ఉన్నప్పుడు దీనికి వక్త లేఁడు, సందర్భము లేదు. నాటకమున రెండును కలవు. అమాత్యరాక్షసుని చారుఁడు విరాధగుప్తుఁడు పాములవాని వేషమున వచ్చి, కుసుమపురమున పన్నిన పన్నాగములన్నియు ఎట్లు వికటించెనో వరుసగా విన్నవించును. చంద్రగుప్తుని కొఱకు పంపిన విషకన్య పర్వతకుని చంపెను. తోరణయంత్రము గుఱి తప్పెను. వైద్యుఁడు తాను కలిపిన విషమును తానే త్రావవలసివచ్చెను. శయనగృహము క్రింద సొరంగమున దాఁగినవారి జాడను, గోడబీటనుండి అన్నపు మెదుకులతో వెడలుచున్న చీమలబారు చాణక్యునకు తెలిపెను. వారందఱును అచటనే దగ్ధులైరి. ఇంత విని క్రుంగిన రాక్షసుని నిలఁబెట్టుటకు ఆ చారుఁడు ఈ శ్లోకమును చెప్పును.

రసజ్ఞులు ఇచట రెండు సంగతులను గమనింపవలెను. మొదటిది, ఈ శ్లోకము నాటకమున తత్త్వనిర్ణయముగా రాలేదు. ఓడిన స్వామిని ఊరడించు సేవకుని వాక్యముగా వచ్చినది. రెండవది, నాటకము ముగియునప్పటికి రాక్షసుఁడు చేపట్టినదానిని విడిచిపెట్టెను. మిత్రుఁడైన చందనదాసుఁడు తన కొఱకు శూలమెక్కుటకు సిద్ధమైనాఁడని తెలిసి, తన్ను తానే అప్పగించుకొని, ఎవనిని కూల్చుటకు ఇంతకాలము పాటుపడెనో ఆ చంద్రగుప్తునికే మంత్రిగా ఉండుటకు అంగీకరించెను. శ్లోకలక్షణము ననుసరించి అతఁడు మధ్యముఁడు. కాని రాక్షసుని ఔన్నత్యము శిఖరమునందుకొన్నది ఆ విడుచుటయందే యని సహృదయులందఱును ఎఱుఁగుదురు. అతనిని మంత్రిగా కోరిన చాణక్యుఁడును అట్లే తలఁచెను. ద్వితీయాంకమున పలికించిన నీతిని సప్తమాంకమున కవియే సవరించినాఁడని నా యభిప్రాయము. ముక్తకముగా విడఁదీసి చదువుకొన్న మనకు ఆ సవరణము కనఁబడకపోయినది.

ఇచట పూర్వపక్షి యిట్లనవచ్చును: ఆరంభించిన పని సత్కార్యమే కావలెనని శ్లోకమున అర్థసిద్ధము, విఘ్నమనఁగా కష్టమే కాని ప్రాణాపాయము కాదు, కావున దుర్యోధనునితోను, గనికప్పుతోను దోషము చెప్పుట వితండ. దీనికి సమాధానము. సత్కార్యమను విశేషణమును, సాధ్యమగు విఘ్నమను విశేషణమును అధ్యాహారము చేసికొన్నయెడల దోషము తొలఁగునని నేనును ఒప్పుదును. కాని అధ్యాహారమును బోధించువారెందఱు? శ్లోకమును కంఠస్థము చేయించి, విశేషణములను విడిచిపెట్టి, పరీక్ష తప్పినవానిని మధ్యముఁడని గేలిచేయుటయే లోకమున కనఁబడుచున్నది. అధ్యాహారము లేనిది నిలువని లక్షణమును, అధ్యాహారముతోనే చెప్పవలెను.

ఆ అధ్యాహారమును ఎచటనుండి తేవలెను? మన భాషలోనే అది కలదు. సంస్కృతమున దృఢప్రయత్నమును చెప్పు మూఁడు శబ్దములు, వ్యవసాయము, ఉద్యోగము, ఉద్యమము అనునవి, తెలుఁగున మూఁడు విచిత్రములైన రూఢులను పొందినవి. వ్యవసాయము కృషి యైనది. ఉద్యోగము జీతపు కొలువైనది. ఉద్యమము జనసమూహపు పోరాటమైనది. పట్టుదలను చెప్పు పదములు పొలమునకును, కొలువునకును, పోరాటమునకును పేళ్లగుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని పొలము విడిచి కొలువునకు, కొలువునందుండి పోరాటమునకు నడచిన జనులు గోదావరీతీరపు బొగ్గుప్రాంతమున ఉన్నారు గనుక, ఈ పదముల చరిత్రకు అంతకంటె తగిన వ్యాఖ్యానస్థలము వేఱొకటి లేదు.

మొదట వ్యవసాయశబ్దము. వి, అవ యను నుపసర్గలు పూర్వమందుండఁగా, అంతకర్మార్థకమగు షోధాతువునకు ఆత్వమును, యుగాగమమును వచ్చి ఈ రూపము సిద్ధించును. అంతకర్మమనఁగా ముగించుట. భగవద్గీత ద్వితీయాధ్యాయమున నిశ్చయముగల బుద్ధికి ఈ శబ్దమే విశేషణమునందు చేరినది. అమరసింహుఁడు ఉత్సాహమునకు పర్యాయముగా చెప్పిన అధ్యవసాయమును ఈ ధాతువునుండియే పుట్టినది. కావున దృఢప్రయత్నమున మొదటి యంశము ముగింపును చూడఁగలుగుట. తెలుఁగువారు ఈ పదమును కృషికి ఇచ్చుట ఎంతయు ఉచితము. విత్తినవాఁడు కోఁతను చూచియే విత్తును. కాని అదనుకాని వేళ విత్తఁడు. వానలేని యేఁట పైరును మార్చును. అట్లు మార్చిన రైతును ఆరంభించినది విడిచిన మధ్యముఁడని యెవరనఁగలరు? ముగింపు ధాన్యము, ఏ పైరు విత్తుట యనునది దానికి దారి మాత్రమే. ముగింపును పట్టుకొని దారిని మార్చుట వ్యవసాయము. దారినే పట్టుకొని ముగింపును మఱచుట దురాగ్రహము.

రెండవది ఉద్యోగశబ్దము. ఉత్పూర్వకమై యోగార్థకమగు యుజధాతువునకు ఘఞ్ చేరి కుత్వము కలిగినది. యోగమనఁగా కూడుట. కార్యమునకు సాధనముతోడి కూడిక యుండవలెనని ఈ శబ్దము జ్ఞప్తి చేయుచున్నది. ఈ యంశమును బొగ్గుగనుల చరిత్ర విశదపఱచును. 1871వ సంవత్సరమున భూగర్భశాస్త్రవేత్త విలియమ్ కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1886లో ఇంగ్లాండున ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరితో ఏర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము అందలి అధికభాగమును కొనెను. నేఁడు అందు తెలంగాణ రాష్ట్రమునకు నూటికి 51 పాళ్లును, కేంద్రమునకు 49 పాళ్లును కలవు. బొగ్గు భూమిలో యుగములుగా ఉన్నది. త్రవ్వఁగల జనులును ఉన్నారు. సాధనము కూడినప్పుడే గని యైనది.

వ్యక్తియొక్క ఉన్నతికిని ఇదియే న్యాయము. గనిలో కార్మికుఁడుగా చేరినవాఁడు మైనింగు సర్దారు యోగ్యతాపత్రమును, పిదప ఓవర్‌మను పత్రమును, ఆపైన ద్వితీయశ్రేణి, ప్రథమశ్రేణి మేనేజరు పత్రములను పొంది పైకి రావచ్చును. ఈ మెట్లు చట్టముచే నిర్ణీతములు. గనివాయువును పరీక్షించు నేర్పునకును, ప్రథమచికిత్సకును వేఱు పత్రములు కావలెను. నిర్ణీతమైన అనుభవకాలము కావలెను. రాత్రి షిఫ్టు దిగివచ్చి, పగటినిద్ర తగ్గించుకొని చదువువాని శ్రమ ఏ తపస్సునకును తీసిపోదు. కాని వానికి పుస్తకము కావలెను, చెప్పువాఁడు కావలెను, పరీక్షకు పోవుటకు సెలవు కావలెను. ఇవి లేక తప్పినవానిని, ఇవి కలిగి సోమరియై తప్పినవానిని ఒకే గాటఁ గట్టి మధ్యములనుట అన్యాయము. 1990 ప్రాంతమున లక్షకు మించియుండిన సింగరేణి శ్రామికసంఖ్య నేఁడు అందు సగమునకంటె తక్కువ. భూగర్భపు పని తగ్గి ఉపరితలగనులును, యంత్రములును పెరిగినవి. కొలువులే తఱిగిన చోట యువకునితో విడువకుమని మాత్రమే చెప్పుట సగము మాట. ఏ సాధనముతో కూడవలెనో చెప్పుట తక్కిన సగము. ఆ రెండవ సగమే ఉద్యోగశబ్దార్థము.

మూఁడవది ఉద్యమశబ్దము. ఇది మిక్కిలి విచారణీయము. ఉత్పూర్వకమగు యమధాతువునుండి ఇది పుట్టినది. ధాతుపాఠమున యమునకు ఉపరమము, అనఁగా ఆఁగుట, అర్థముగా చెప్పఁబడినది. ఉద్యమోపరమశబ్దములందు వృద్ధి లేమిని వైయాకరణులు ధాతుపాఠమునందలి ప్రయోగబలమునుండియే సమర్థింతురు. ఉపసర్గ ధాత్వర్థమును బలాత్కారముగా వేఱుచోటికి కొనిపోవునని నే నెఱుఁగనివాఁడను కాను. రూఢి యోగముకంటె బలవత్తరమనియు నెఱుఁగుదును. వ్యుత్పత్తితో నీతిని సాధింపఁబూనుట నా యుద్దేశము కాదు. కాని ప్రయత్నమును చెప్పు శబ్దమునకు మూలమున నిగ్రహమును చెప్పు ధాతువుండుట స్మరణీయము. ఆఁగుట యెఱుఁగనివాని ప్రయత్నము ప్రయత్నమే కాదని లోకానుభవమును చెప్పుచున్నది.

ఈ యనుభవము గనిలో ప్రత్యక్షము. సర్దారు షిఫ్టు ప్రారంభమున కప్పును కఱ్ఱతో కొట్టి చూచును. గట్టిరాయి యొక శబ్దము నిచ్చును. పొర విడిన రాయి బోలుశబ్దము నిచ్చును. బోలుశబ్దము వినఁబడిన చోటికి, కొయ్యదూలములతో ఊఁత యిచ్చు వఱకు, ఎవ్వరిని పోనీయరు. మండెడు వాయువునకు నిప్పంటకుండ వెలుఁగు నిచ్చుటకు 1815లో డేవీ కల్పించిన రక్షణదీపము పుట్టినది; జ్వాలపై లేచు నీలిటోపిని చూచి వాయువుపాలెంతయో చెప్పుదురు. గాలిలో ఆ వాయువు నూటికి 1.25 పాళ్లు మించినచో అచటివారినందఱిని వెలుపలికి కొనిరావలెనని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు శాసించెను; వాని స్థానమున 2017లో క్రొత్తవి వచ్చినవి. అనఁగా ఈ వృత్తిలో ఆఁగుట బలహీనత కాదు, విధి. 2003వ సంవత్సరము జూను 16వ తేదీన గోదావరిఖని 7వ నంబరు ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిరి. ఆ యూళ్ల బాలురకు విఘ్నశబ్దము అలంకారము కాదు. వారి యెదుట నిలిచి, విఘ్నము చూచి ఆఁగువాఁడు మధ్యముఁడని విశేషణము లేక చెప్పుట బోధకునకు తగదు.

తెలుఁగున ఉద్యమము పొందిన రూఢ్యర్థమును ఇచట కలసివచ్చుచున్నది. సమ్మె యనఁగా పని ఆఁపుట. 2011లో ప్రత్యేకరాష్ట్రము కొఱకు సకలజనుల సమ్మె జరిగినప్పుడు సింగరేణి కార్మికులును అందు చేరి గనులు దిగుట మానిరి. జీతము పోఁగా, ఇల్లు గడవని దినములలో పనికి పోకుండుట పనికి పోవుటకంటె కష్టము. పని విడుచుటయే పట్టుదలకు రూపమైనది. ఆ కోరిక మంచిచెడ్డలను విచారించుట ఈ వ్యాసమునకు పని కాదు. ఉపరమమే ఉద్యమమైన ప్రయోగమునకు ఉదాహరణముగా మాత్రము దీనిని గ్రహింపవలెను. విడువమిని మాత్రమే కొలుచు లక్షణము ఇట్టి దార్ఢ్యమును కొలువఁజాలదు.

ఈ మూఁడంశములును కలిసిన కావ్యము మనకు లేకపోలేదు. భారవి కిరాతార్జునీయమును చూడుఁడు. దానికి ఘంటాపథవ్యాఖ్య వ్రాసిన మల్లినాథుఁడు తెలుఁగువాఁడే, మెదకుసీమ కొలచారమువాఁడు. ప్రథమసర్గమున ద్రౌపది ధర్మరాజును కార్యమునకు పురికొల్పును. ద్వితీయమున భీముఁడు ఆమె మాటను బలపఱచును. ధర్మరాజు తొందరపాటును వారించి, ఆలోచించి చేయుటయే సంపదకు మూలమని బోధించును. పిమ్మట వ్యాసుఁడు వచ్చి, శత్రుపక్షమున ఉన్న వీరుల బలమును చెప్పి, దివ్యాస్త్రముల కొఱకు అర్జునుఁడు తపస్సు చేయవలెనని మార్గమును చూపును. ఆ పైననే తపస్సు. ప్రలోభములు, యుద్ధము, చివరకు పదునెనిమిదవ సర్గమున పాశుపతప్రాప్తి. భీముని వేగమునకు ధర్మరాజు పలికినది ఉపరమము; వ్యాసుఁడు చూపినది సాధనయోగము; అర్జునుఁడు నెఱవేర్చినది అంతకర్మము. ఈ మూఁటిలో మొదటి రెండు లేనిచో అర్జునుఁడును దుర్యోధనునివలె మొండిపట్టుగలవాఁడు మాత్రమే యగును. బాలురకు అర్జునుని తపస్సును మాత్రము చెప్పి, దానికి ముందున్న రెండు సర్గముల వాదమును విడిచిపెట్టుట మనవారి యలవాటు. అది కావ్యమునకు శిరశ్ఛేదము.

కావున లక్షణమును ఇట్లు సవరింపవచ్చును. తగిన ఫలమును నిశ్చయించుకొని, దానికి తగిన సాధనముతో కూడి, ఆఁగవలసిన చోట ఆఁగుచు, మఱల పూని, ఫలము చేకూరు వఱకు దానిని మఱవనివాఁడు ఉత్తముఁడు. ఇందు దుర్యోధనుఁడు చేరఁడు, ఫలము తగినది కాదు గనుక. రాక్షసుఁడు చేరును; మిత్రరక్షణమను తగిన ఫలము కొఱకు తగని దారిని విడిచెను గనుక. కప్పు శబ్దించినప్పుడు వెనుకకు వచ్చి, దూలము నిలిపి, మఱునాఁడు మఱల దిగిన కార్మికుఁడు చేరును. ఒకమాఱు తప్పి, సాధనమును కూర్చుకొని, మఱల సర్దారు పరీక్షకు కూర్చున్నవాఁడును చేరును. భర్తృహరి చెప్పినది ఇందు చెడలేదు. అతఁడు చెప్పక విడిచినది చేరినది.

పాఠశాలలందు పండితులకు నా మనవి యొక్కటియే. ఈ శ్లోకమును మానవలదు. చెప్పినపుడు ముద్రారాక్షసమునందలి సందర్భముతో చెప్పుఁడు. రాక్షసుఁడు తుదకు ఏమి చేసెనో చెప్పుఁడు. ఆఁగుటకును ఓడుటకును భేదమున్నదని చెప్పుఁడు. విఘ్నమును సాధింపఁదగినదా, తప్పుకొనఁదగినదా యని విచారించు బుద్ధి ధైర్యమునకు విరోధి కాదని చెప్పుఁడు. ఆ బాలుఁ డడిగిన ప్రశ్నకు నే నిచ్చిన యుత్తరమును ఇంతియే: కప్పు పలికినప్పుడు ఆఁగవలెను, ఊఁత నిలిపిన పిదప మఱల దిగవలెను.

తెలుఁగున పట్టుదల, విడుదల యను రెండు పదములు ఒకే ప్రత్యయముతో ఏర్పడినవి. పట్టుటయు విడుచుటయు ఒకే చేతి పనులు. ఏది యెప్పుడు చేయవలెనో ఎఱిఁగిన చేతికే పట్టు నిలుచును.